నేరస్థలమును చదువ నేర్పిన న్యాయాధికారి: హాన్స్ గ్రాస్

విద్యార్థులారా! ఒక ఇంట దొంగతనము జరిగెనని తెలిసినంతనే ఇరుగుపొరుగువారందఱును అచ్చటికి పరుగెత్తుట మీరెఱుగుదురు. ఒకరు తలుపు త్రోసి చూతురు. ఒకరు పగిలిన తాళమును చేతబట్టుదురు. పదిమంది పాదముల క్రింద దొంగ అడుగుజాడలు మాసిపోవును. పిమ్మట అందఱును గలసి ఎవరో యొకరిపై అనుమానము మోపుదురు. ఈ అలవాటును మాన్పి, నేరస్థలమును గ్రంథమువలె చదువవలెనని బోధించిన ఒక పండితుని చరిత్రమును మేమిచ్చట సంగ్రహముగా తెలుపుచున్నాము.

హాన్స్ గ్రాస్ 1847 డిసెంబరు 26వ తేదీన ఆస్ట్రియా దేశమందలి గ్రాట్జ్ నగరమున జన్మించెను. న్యాయశాస్త్రము నభ్యసించి 1870లో డాక్టరు పట్టమునంది, స్టిరియా మండలమున నేరవిచారణ జరుపు న్యాయాధికారిగా పనిచేసెను. ఆ దేశపు పద్ధతి ననుసరించి అట్టి అధికారియే నేరము జరిగిన చోటికి పోయి దర్యాప్తు నడపవలసి యుండెను. అతడు చదివిన చదువు చట్టమును నేర్పెనే గాని, రక్తపు మరకను, పాదముద్రను ఎట్లు పరీక్షింపవలెనో నేర్పలేదు. కన్నులార చూచితిమని ప్రమాణము చేసినవారును పొరపడుచుండుట అతడు గ్రహించెను. సాక్షి మఱచిపోవచ్చును, భయపడవచ్చును, పగబట్టి అబద్ధమాడవచ్చును. నేలమీది గుర్తునకు ఆ దోషములు లేవు. కాని దానిని చదువగలవాడు కావలెను.

అట్టివారిని తయారుచేయుటకై అతడు 1893లో విచారణాధికారుల కొక కరదీపికను ప్రకటించెను. అధికారి స్థలమును చేరినంతనే తొందరపడరాదు. ఏ వస్తువు ఎచ్చట, ఎట్లున్నదో వ్రాసికొనువఱకు దేనిని ముట్టరాదు, కదల్పరాదు. దూరములు కొలిచి, దిక్కులు గుర్తించి పటము గీయవలెను. పాదముద్రను కప్పి కాపాడి, పలాస్త్రితో అచ్చు తీయవలెను. తనకు తెలియని విషయమున వైద్యుని, రసాయనజ్ఞుని సలహా నడుగవలెను. ఇందులకై అధికారి యొద్ద ఎల్లప్పుడును ఒక సంచి సిద్ధముగా నుండవలెననియు అతడు నియమించెను. కాగితములు, కొలతపట్టీ, దిక్సూచి, క్రొవ్వొత్తులు, పలాస్త్రి, లక్క, ప్రమాణము చేయించుటకు చిన్న సిలువ అందుండవలెను.

అతని గ్రంథమున నొక ఉదాహరణము కలదు. నేరస్థలమున ఒక కోటు దొరకెను. దానిని గట్టి కాగితపు సంచిలో నుంచి కఱ్ఱలతో కొట్టి, రాలిన దుమ్మును సూక్ష్మదర్శినితో చూడగా సన్నని కొయ్యపొడి కనబడెను. కొయ్యపొడి అనేక పనివారి బట్టలపై నుండవచ్చును గదా! మరల పరీక్షింపగా జిగురుపొడియు కనబడెను. కావున ఆ కోటు వడ్రంగిది యని తేలెను.

1906లో ఈ గ్రంథము ఆంగ్లములోనికి పరివర్తితమై, మన దేశపు పద్ధతులకు అనువుగా మార్పబడి, చెన్నపట్టణముననే ప్రచురింపబడెను. గ్రాస్ చెర్నొవిట్జ్, ప్రాగ్, గ్రాట్జ్ విశ్వవిద్యాలయములలో ఆచార్యుడై, 1912లో గ్రాట్జ్ నందు నేరపరిశోధన సంస్థను నెలకొల్పెను. 1915 డిసెంబరు 9వ తేదీన మరణించెను.

ఇచ్చట మేమొక మాట దాచరాదు. ముందుగా నేర్పరచుకొన్న అభిప్రాయమే విచారణకు శత్రువని గ్రాస్ హెచ్చరించెను. అయినను తన గ్రంథముననే సంచారజీవులగు జిప్సీలను జాతిమొత్తముగా దొంగలవలె వర్ణించెను. దుమ్మునందు సత్యమును చూచిన కన్ను మనుష్యునియందు చూడలేకపోయెను. ఆ దోషము అతనియొక్కనిదే కాదు. మన దేశమునను 1871లో ఆంగ్ల ప్రభుత్వము కొన్ని జాతులను పుట్టుకచేతనే నేరస్థులుగా నెంచు చట్టమును చేసెను. 1911 చట్టము మద్రాసు రాజధానికిని వర్తించెను. తెలుగునాట ఎఱుకలవారు మొదలగువారు దానిచే బాధలు పడిరి. 1952లో స్వతంత్ర భారతము దానిని రద్దుచేసెను.

కావున గ్రాస్ నేర్పిన పాఠమును అతనికంటె సంపూర్ణముగా పాటించుట మన విధి. తరగతిలో ఎవని కలమైనను పోయినచో, ఒకని కులమును, ఇంటి భాషను, చిరిగిన చొక్కాను చూచి వ్రేలు చూపకుడు. ముందుగా బల్ల క్రింద వెదకుడు.