అట్టలు వేసే కుర్రాడు, బంగారు రేకు

మైకేల్ ఫారడే గురించి నేను తెలుసుకున్నది చదువుకునే రోజుల్లో కాదు, బైండింగ్ చేసే రోజుల్లో. మావారు పోయాక షాపు నేనే చూసుకుంటున్నాను. ఓసారి లైబ్రరీ వాళ్లు చిరిగిన పుస్తకాలు కట్టగట్టి పంపారు. అందులో ఆయన జీవిత చరిత్ర ఒకటి. పేజీలు సరిచూస్తూ నాలుగు వాక్యాలు చదివానో లేదో, ఈయనా మనలాగే జిగురు చేతులవాడేనని తెలిసి ఆ పూట పని పక్కన పెట్టేశాను.

ఫారడే 1791లో లండన్ దగ్గర ఓ కమ్మరి ఇంట పుట్టాడు. తండ్రికి ఆరోగ్యం అంతంతమాత్రం. ఇంట్లో తిండికి కటకట. పదమూడేళ్లకే జార్జ్ రీబో అనే ఆయన షాపులో పేపర్లు చేరవేసే పనిలో చేరాడు. మరుసటి ఏడు అక్కడే ఏడేళ్ల ఒప్పందం మీద బైండింగ్ నేర్చుకోవడం మొదలుపెట్టాడు. అట్టలు వేయడానికి వచ్చిన పుస్తకాలకు మనం పేజీలు లెక్కపెడతాం. ఆ కుర్రాడు చదివేసేవాడు. యజమాని కసురుకోలేదు సరికదా, ప్రోత్సహించాడు.

అలా చేతికొచ్చిన పుస్తకాల్లో జేన్ మార్సెట్ అనే ఆవిడ రాసిన రసాయనశాస్త్ర సంభాషణలు ఉంది. ఓ టీచరమ్మ ఇద్దరు ఆడపిల్లలకు పాఠం చెబుతున్నట్టు ఉంటుందది. మొదట అచ్చయినప్పుడు దాని మీద ఆవిడ పేరైనా లేదు. ఆడపిల్లల కోసం రాసిన ఆ పుస్తకమే ఫారడేని రసాయనశాస్త్రం వైపు తిప్పింది. పెద్ద శాస్త్రవేత్త అయ్యాక కూడా ఆ మేలు మరిచిపోలేదు. తన వ్యాసాలు ఆవిడకు కృతజ్ఞతగా పంపుతుండేవాడు.

1812లో షాపుకొచ్చే ఒకాయన టికెట్లిస్తే, హంఫ్రీ డేవీ ఉపన్యాసాలు వినడానికి వెళ్లాడు. విన్నదంతా రాసుకుని, బొమ్మలు గీసి, తానే చక్కగా బైండు చేసి డేవీకి పంపాడు. 1813లో రాయల్ ఇన్‌స్టిట్యూషన్‌లో అసిస్టెంటు ఉద్యోగం దొరికింది. కష్టాలు అంతటితో తీరాయా? డేవీ దంపతులతో యూరప్ వెళితే ఆ ఇల్లాలు ఆయన్ని పనివాడిలాగే చూసింది. అయినా ఓర్చుకున్నాడు.

1821లో సారా బర్నార్డ్‌ని పెళ్లి చేసుకున్నాడు. పిల్లలు లేరు. ఆయన ఆలోచనల్లో మునిగిపోయి, తర్వాత్తర్వాత మతిమరుపుతో బాధపడుతుంటే, కనిపెట్టుకుని ఉన్నది ఆవిడే. 1831లో తీగచుట్ట దగ్గర అయస్కాంతాన్ని కదిలిస్తే కరెంటు పుడుతుందని చూపించాడు. మన ఇళ్లలో వెలిగే బల్బుల వెనక ఉన్న సంగతి అదే.

నాకు మాత్రం ఆయన బంగారం కథే ఎక్కువిష్టం. అరవై దాటాక బంగారు రేకులతో ప్రయోగాలు మొదలుపెట్టాడు. అంగుళంలో 2,82,000వ వంతు మందం ఉండే రేకు! దాన్ని వెలుతురుకు అడ్డంపెడితే ఆకుపచ్చగా కనిపిస్తుంది. గాజు మీద పరిచి వేడిచేస్తే, బంగారం కరిగే వేడి ఇంకా ఎంతో దూరంలో ఉండగానే ఆ పచ్చదనం పోయేది. గట్టి రాయితో నొక్కితే మళ్లీ వచ్చేది. 1857లో ఇదంతా రాయల్ సొసైటీలో ఉపన్యాసంగా చెప్పాడు. అప్పుడు తయారుచేసిన ఎర్రటి బంగారు ద్రవం సీసాలు ఇప్పటికీ రాయల్ ఇన్‌స్టిట్యూషన్‌లో ఉన్నాయి. కంటికి ఆనని బంగారు రేణువులే ఆ రంగుకు కారణమని ఊహించాడు. చూపించే మైక్రోస్కోపు ఆనాడు లేదు.

ఇదంతా ఎందుకంటారా? మా అమ్మాయి పరిశోధన దీని మీదే. పల్చటి రేకును వేడిచేస్తే అది కరక్కుండానే, అణువులు జరిగి, చిల్లులు పడి, చివరికి పూసలైపోతుందట. నూనె రాసిన పెనం మీద నీళ్లు బొట్లుబొట్లుగా విడిపోతాయి చూడండి, అలాగన్నమాట. చదునైన పలక మీద ఆ పూసలు చిన్నా పెద్దా కలిసి ఎక్కడపడితే అక్కడ చేరతాయి. అదే వరసగా గుంతలు చెక్కిన పలకైతే గుంతకొకటి చొప్పున కుదురుకుంటాయి. మన గుంతపొంగణాల పెనంలాగే! 2005లో అమెరికాలోని ఎం.ఐ.టి.లో అమాండా గియర్‌మన్, కార్ల్ థాంప్సన్ సిలికాన్ మీద ఇలా చేసి చూపించారు.

మా అమ్మాయికి మాత్రం రెండేళ్లుగా కుదరలేదు. రేకు మందానికీ గుంతల దూరానికీ పొంతన తప్పితే పూసలు గట్ల మీద కూర్చుంటాయట. ఫెలోషిప్ గడువు దగ్గరపడుతోంది. మొన్న సంక్రాంతికి వచ్చి, ఇక మానేస్తానంది. బంధువులు అదే మంచిదన్నారు, సంబంధాలు కూడా చెప్పారు. నేనేమీ అనలేదు. రాత్రి భోజనాలయ్యాక ఫారడే కథ చెప్పాను. నైట్‌హుడ్ ఇస్తామన్నా, రాయల్ సొసైటీ అధ్యక్షపదవి ఇస్తామన్నా వద్దని, 1867లో కన్నుమూసే దాకా ఒట్టి ఫారడేగానే ఉండిపోయాడని చెప్పాను. బంగారు రేకు రంగు ఎందుకు మారిందో పూర్తిగా తేలకపోయినా, చూసింది చూసినట్టు రాసిపెట్టాడనీ చెప్పాను.

తెల్లారి, దాని సంచిలో ఉన్న తప్పిన ప్రయోగాల కాగితాలన్నీ తేదీల వారీగా సర్ది, కుట్టి, కాలికో అట్ట వేసిచ్చాను. అది చాలాసేపు తిరగేసింది. గట్ల మీద పూసలు ఏ మందం దగ్గర ఎక్కువయ్యాయో వరసన చూస్తుంటే తెలుస్తోందంది. సాయంత్రం బండికి వెళ్లిపోయింది. డాక్టరేటు వస్తుందో రాదో నాకు తెలీదు. పుస్తకం మాత్రం సంచిలో పెట్టుకునే వెళ్లింది.