కాళ్ల దగ్గర చచ్చిన పులి.. పక్కనే వైస్రాయ్! 1902 ఎండాకాలంలో నెక్కొండ అడవిలో తీసిన ఫొటో.. రాజా దీన్‌దయాళ్ కథ ఇదీ

హైదరాబాద్: తుపాకీతో నిలబడ్డ లార్డ్ కర్జన్. పక్కన భార్య మేరీ కర్జన్. కాళ్ల ముందు చచ్చిపడి ఉన్న పెద్దపులి. సోషల్ మీడియాలో ఈ బ్లాక్ అండ్ వైట్ ఫొటో చాలామంది చూసే ఉంటారు. కానీ అది తీసింది మన వరంగల్ జిల్లాలో అని ఎంతమందికి తెలుసు? 1902 ఏప్రిల్-మే నెలల్లో నెక్కొండ దగ్గర వేట క్యాంపు పెట్టారు. ఆ వేటను గాజు పలకల మీదకు ఎక్కించింది సికింద్రాబాద్‌లో స్టూడియో నడిపిన రాజా దీన్‌దయాళ్ సంస్థ.

అసలు ఎవరీ దీన్‌దయాళ్?

1844లో మీరట్ దగ్గరి సర్ధానాలో పుట్టారు. నగల వ్యాపారం చేసే జైన కుటుంబం. రూర్కీలోని థామ్సన్ ఇంజినీరింగ్ కాలేజీలో చదివి, ఇండోర్‌లో పబ్లిక్ వర్క్స్ శాఖలో చేరారు. అంచనాలు వేయడం, డ్రాయింగులు గీయడం ఆయన పని. 1874 ప్రాంతంలో కెమెరా పట్టుకున్నారు. అప్పటికి వయసు 30. ఇండోర్ మహారాజా రెండో తుకోజీరావ్ హోల్కర్ వెన్నుతట్టారు. సర్కారీ ఉద్యోగం చేస్తూనే మధ్య భారతంలోని కోటలు, గుళ్లు ఫొటోలు తీశారు. ఆ పని బాగా పేరు తెచ్చింది. చివరికి ఉద్యోగమే వదిలేసి పూర్తిగా ఫొటోగ్రఫీలోకి వచ్చేశారు.

సికింద్రాబాద్‌లో స్టూడియో

1880ల మధ్యలో దీన్‌దయాళ్ మకాం హైదరాబాద్ రాజ్యానికి మారింది. సికింద్రాబాద్‌లో స్టూడియో తెరిచారు. ఆరో నిజాం మీర్ మహబూబ్ అలీ ఖాన్ ఆయన్ను ఆస్థాన ఫొటోగ్రాఫర్‌గా పెట్టుకున్నారు. రాజా బిరుదు, ముసవ్విర్ జంగ్ అనే పేరు ఇచ్చారు. ముసవ్విర్ అంటే చిత్రకారుడు. పరదాలో ఉండే ఆడవాళ్ల కోసం 1892లో ప్రత్యేకంగా జనానా స్టూడియో పెట్టారు. అక్కడ ఫొటోలు తీసేది మహిళే. 1896లో బొంబాయిలోనూ స్టూడియో తెరిచారు. ఆ మరుసటి ఏడాది విక్టోరియా రాణి నుంచి రాయల్ వారెంట్ కూడా అందింది.

ఆ ఎండాకాలం ఏం జరిగింది?

1902 మార్చి చివర్లో వైస్రాయ్ కర్జన్ హైదరాబాద్ వచ్చారు. వచ్చిన అసలు పని బేరార్. పత్తి బాగా పండే ఆ ప్రాంతం కాగితం మీద నిజాందే, పాలన మాత్రం బ్రిటిష్ వాళ్ల చేతిలో ఉండేది. దాన్ని శాశ్వతంగా కౌలుకు ఇచ్చేయాలని కర్జన్ నిజాంను ఒప్పించారు. ఏడాదికి 25 లక్షల రూపాయలు కౌలు. అదే ఏడాది నవంబర్‌లో ఒప్పందం ఖరారైంది.

ఈ మాటలు ముగిసిన కొద్ది వారాలకే నెక్కొండలో వేట. పెద్ద అతిథి వస్తే పులి వేట ఏర్పాటు చేయడం అప్పటి సంస్థానాల్లో మర్యాద. అందుకే ఆ ఫొటో మామూలు వేట ఫొటో కాదు. రాజ్యంలోని ఓ ముక్క చేజారుతున్న ఏడాదిలో, ఆ ముక్కను అడిగిన మనిషికి చేసిన అతిథి సత్కారం అది. ఫొటోలో పులి కనిపిస్తుంది, బేరార్ కనిపించదు.

ఒక్క క్లిక్‌కు ఎంత కష్టమంటే..

ఇప్పటిలా ఫోన్ తీసి టక్కున నొక్కేస్తే అయ్యేది కాదు. బరువైన చెక్క కెమెరా, మూడు కాళ్ల స్టాండు, పెట్టెల నిండా గాజు పలకలు మోసుకెళ్లాలి. దీన్‌దయాళ్ మొదలుపెట్టిన రోజుల్లో అయితే పలకకు రసాయనం పూసి, తడి ఆరకముందే ఫొటో తీసి, అక్కడే చీకటి గుడారంలో కడగాలి. తర్వాత డ్రై ప్లేట్లు వచ్చి ఆ తిప్పలు తగ్గాయి. ఐతే వాటి మీద పూత జెలటిన్. నీళ్లు వేడెక్కితే మెత్తబడి ఊడొచ్చేస్తుంది. తెలంగాణ ఏప్రిల్, మే ఎండలు ఎలా ఉంటాయో చెప్పక్కర్లేదు. పలక జారి పగిలితే ఆ ఫొటో ఇక లేనట్టే.

ఇదే స్టూడియో రాజుల విందులతో పాటు 1899-1900 కరువులో ఔరంగాబాద్ వైపు జరిగిన సహాయ పనులనూ ఫొటోలు తీసింది. దర్బారు వైభవం ఒకవైపు, కరువు పనులు ఇంకోవైపు.. రెండూ ఒకే ఇంటి ఆల్బమ్‌లలో ఉన్నాయి.

ఇప్పుడేం మిగిలింది?

1905 జులై 5న దీన్‌దయాళ్ కన్నుమూశారు. ఆయన స్టూడియోకు చెందిన 2,857 గాజు నెగెటివ్‌లను 1989లో ఢిల్లీలోని ఇందిరాగాంధీ జాతీయ కళా కేంద్రం సేకరించింది. 2006లో తపాలా శాఖ ఆయన పేరిట స్టాంపు విడుదల చేసింది.

నెక్కొండ ఇప్పుడు కాజీపేట-విజయవాడ రైలు మార్గంలో ఓ స్టేషన్. రాష్ట్రంలో పులుల కోసం అమ్రాబాద్, కవ్వాల్ అభయారణ్యాలు ఉన్నాయి. 1972 వన్యప్రాణి చట్టం తర్వాత పులిని చంపి ఫొటో దిగితే జైలుకే.

నిజాంల వేట స్థలాల్లో ఇంకొకటి నగరంలోనే ఉంది. మన్సూరాబాద్ పక్కనే, విజయవాడ హైవే మీద కనిపించే మహావీర్ హరిణ వనస్థలి జాతీయ పార్కు అదే. ఒకప్పుడు నిజాం మనుషులు వేటాడిన దాదాపు 3,600 ఎకరాల్లో ఇప్పుడు కృష్ణజింకలు తిరుగుతున్నాయి. మహావీరుడి 2500వ నిర్వాణ సంవత్సరం గుర్తుగా 1975లో ఆ పేరు పెట్టారు. ప్రాణిని చంపొద్దన్నది జైనుల మొదటి నియమం. ఆ జైన ఇంట్లో పుట్టిన మనిషి పేరు మాత్రం చచ్చిన పులి ఫొటో కింద చరిత్రలో నిలిచిపోయింది. నెక్కొండ అడవిలో ఒకప్పుడు పెద్దపులి తిరిగిందనడానికి ఇవాళ కళ్లారా చూసే సాక్ష్యం కూడా ఆ ఫొటోనే.