నాణ్యతకు లెక్క నేర్పిన షూహార్ట్



ప్రత్యేక సంచికకు ఒక ప్రముఖుని జీవితం రాయాలనుకున్నప్పుడు నాకు మొదట తోచిన పేరు డాక్టర్ వాల్టర్ షూహార్ట్. నా సర్వీసంతా ఒక కర్మాగారంలో ఇన్‌స్పెక్షన్ విభాగంలోనే గడిచింది. మేము రోజూ నింపిన కంట్రోల్ చార్టుకు మూలపురుషుడు ఆయనే.

షూహార్ట్ 1891 మార్చి 18న అమెరికాలోని ఇల్లినాయ్ రాష్ట్రంలో, న్యూ కాంటన్ అనే చిన్న ఊళ్లో జన్మించారు. 1917లో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం నుంచి భౌతికశాస్త్రంలో డాక్టరేటు పొందారు. మరుసటి సంవత్సరం వెస్ట్రన్ ఎలక్ట్రిక్ కంపెనీలో ఇంజనీరుగా చేరారు. చికాగో దగ్గర ఆ కంపెనీకి హాథార్న్ వర్క్స్ అనే పెద్ద కర్మాగారం ఉండేది. బెల్ టెలిఫోను సంస్థకు కావలసిన సామగ్రి అక్కడ తయారయ్యేది.

ఆ రోజుల్లో నాణ్యత అంటే ఆఖరున తనిఖీ చేసి, మంచివీ చెడ్డవీ వేరుచేయడమే. కానీ చెడ్డ ముక్క ఇన్‌స్పెక్టరు బల్ల మీదికి వచ్చేసరికే లోహం, కరెంటు, మిషను టైము, కూలి అన్నీ ఖర్చయిపోయి ఉంటాయి. తనిఖీకి చిక్కకుండా బయటికి పోతే నష్టం ఇంకా ఎక్కువ. టెలిఫోను పరికరాల్లో కొన్నింటిని భూమిలో పాతేవారు. అవి చెడితే తవ్వి తీసి బాగుచేయవలసిందే.

1924 మే 16న షూహార్ట్ తన పై అధికారి జార్జి ఎడ్వర్డ్స్‌కు ఒక పేజీ మెమో పంపారు. అందులో ఉన్న బొమ్మే మొదటి కంట్రోల్ చార్టు. ఏ రెండు ముక్కలూ అచ్చంగా ఒకేలా రావని ఆయన గ్రహించారు. కొన్ని తేడాలు తయారీ పద్ధతిలోనే ఇమిడి ఎప్పుడూ ఉంటాయి. మరికొన్ని టూలు అరిగినందువల్లనో, ముడిసరుకు మారినందువల్లనో వస్తాయి. ముక్కలు కొలిచి, సగటుకు పైనా కిందా మూడు సిగ్మాల దూరంలో హద్దు గీతలు గీస్తే ఏది ఏ రకమో తెలుస్తుంది. చుక్క గీత దాటితే మిషను ఆపి కారణం వెతకాలి. లోపలే ఉంటే మిషనును కదపకూడదు.

ఖర్చు కిటుకంతా ఇక్కడే ఉంది. లేతు మీద ఒక షాఫ్టు కాస్త లావు వచ్చిందని వెంటనే టూలు జరిపితే, తరువాతది సన్నమయ్యేది. అనవసరంగా సరిచేయడం ఒక నష్టం, అవసరమైనప్పుడు ఊరుకోవడం మరొక నష్టం. రెండూ కలిపి తక్కువగా ఉండేచోటే హద్దు ఉండాలన్నది ఆయన లెక్క. అందుకే 1931లో వెలువడిన ఆయన ప్రసిద్ధ గ్రంథం పేరులో మొదటి మాటే ఎకనమిక్.

ఈ లెక్క కార్మికుని గౌరవాన్ని కూడా కాపాడింది. నేను పనిచేసిన షాపులో సైజు తేడా వస్తే ముందు మాట పడేది మిషను మీద నిలబడ్డవాడే. హద్దుల లోపలి తేడా పద్ధతిదే గాని మనిషిది కాదని చార్టు చెబుతుంది. అది తగ్గాలంటే మిషను బాగుచేయించాలి, మంచి ముడిసరుకు కొనాలి. ఆ పనులు యాజమాన్యానివి. తిట్లతో స్క్రాపు తగ్గదు.

మన దేశంతోనూ ఆయనకు అనుబంధం ఉంది. 1947-48లో ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్ తరఫున ప్రొఫెసర్ మహలనోబిస్ ఆహ్వానించగా ఇక్కడికి వచ్చి సుమారు మూడు నెలలు ఉన్నారు. ఆ తరువాత ఆ సంస్థ పలు నగరాల్లో నాణ్యతా నియంత్రణ విభాగాలు నెలకొల్పింది. మన హైదరాబాదు హబ్సిగూడ విభాగం వాటిలో ఒకటి.

షూహార్ట్ 1925 నుంచి బెల్ ప్రయోగశాలల్లో పనిచేసి 1956లో రిటైరయ్యారు. అదే సంవత్సరం ఆర్మండ్ ఫైగెన్‌బామ్ నాణ్యత ఖర్చులను నివారణ, తనిఖీ, వైఫల్యం అనే పద్దులుగా విడదీసి చూపారు. నివారణకు కాస్త ఎక్కువ పెడితే మిగతా రెండూ తగ్గుతాయని కంపెనీలు లెక్కల్లోనే చూసుకోగలిగాయి. షూహార్ట్ ఆలోచనలను ముందుకు తీసుకుపోయిన డెమింగ్ 1950లో జపాను ఇంజనీర్లకు ఆ విద్య నేర్పారు.

షూహార్ట్ 1967 మార్చి 11న కన్నుమూశారు. మిషను దగ్గర నిలబడి పనిచేసిన మనందరి తరఫున ఆ మహనీయునికి నా నమస్సులు.