హష్మత్ జంగ్ కిర్క్‌పాట్రిక్ - అయిదు తరాల వంశ కథ

మన ఉద్దానం సీమలో జీడిమామిడి తోట లేని ఊరు అరుదు. పలాస పేరు దేశమంతటా ప్రసిద్ధికెక్కింది జీడిపప్పు వలననే. అయినా ఆ చెట్టు పుట్టినిల్లు మన తీరం కాదు. దక్షిణ అమెరికాలోని బ్రెజిల్ దేశం. పోర్చుగీసు వర్తకులు 16వ శతాబ్దంలో దానిని మన దేశపు పడమటి తీరానికి తెచ్చారు. అది క్రమంగా తూర్పు తీరపు ఇసుక నేలలలోనూ వేళ్ళూని మన చెట్టయింది. దాని పూర్వీకులెవరని నేడు ఎవ్వరూ అడుగరు.

మనుష్యుల విషయం అట్లు కాదు. ఎవరి వంశం వారికి గౌరవం. హిందూ సోదరులు గోత్రాన్నీ, ఇంటిపేరునూ చెప్పుకుంటారు. ముస్లిం కుటుంబాలలో షజ్రా అనబడే వంశవృక్షాన్ని తరతరాలుగా భద్రపరచే ఆచారం ఉన్నది. ఈ రెండింటిలోనూ ఒక పోలిక కనబడుతుంది. తండ్రి పేరు, తాత పేరు, ముత్తాత పేరు వరుసగా ఉంటాయి. తల్లుల పేర్లు మాత్రం చాలాచోట్ల కనబడవు. అట్లా వ్రాసిన వంశవృక్షం పూర్ణమా, అసంపూర్ణమా అన్న ప్రశ్నకు సమాధానం చెప్పగల ఒక కుటుంబ కథ మన తెలుగు నేల మీదనే జరిగింది. ఆ కుటుంబం అమెరికాలో కొంతకాలం నివసించి, మద్రాసుకు వచ్చి, హైదరాబాదులో వికసించి, చివరకు ఇంగ్లండులో స్థిరపడింది. దానికి కేంద్రస్థానంలో ఉన్నవాడు హష్మత్ జంగ్ బిరుదాంకితుడైన జేమ్స్ అఖిలీస్ కిర్క్‌పాట్రిక్.

ఈ వంశంలో మనకు కావలసిన మొదటి పురుషుడు డాక్టర్ జేమ్స్ కిల్పాట్రిక్. ఆయన ఐర్లండు నుండి 1717లో అమెరికాలోని దక్షిణ కరోలినాకు వలస వెళ్ళాడు. ఆనాటికి అమెరికా స్వతంత్ర దేశం కాదు; అట్లాంటిక్ తీరం వెంబడి బ్రిటిషువారి వలస రాజ్యాలుండేవి. దక్షిణ కరోలినాలో ముఖ్య పట్టణం చార్లెస్టన్. ఆఫ్రికా నుండి బలవంతంగా తెచ్చిన బానిసల చెమటతో వరి, నీలిమందు పండించి అక్కడి భూస్వాములు ధనవంతులయ్యారు. ఆ పట్టణంలో 1738లో మశూచి వ్యాపించింది. డాక్టర్ కిల్పాట్రిక్ తన బిడ్డలలో ఒకరిని ఆ వ్యాధికి కోల్పోయాడు. అప్పటికి గోమశూచితో టీకా వేసే జెన్నర్ పద్ధతి రాలేదు. మశూచి పొక్కులోని పదార్థాన్నే కొద్దిగా ఆరోగ్యవంతుల శరీరంలో ప్రవేశపెట్టి తేలికపాటి వ్యాధి కలిగించి, పెద్ద వ్యాధి రాకుండా కాపాడే పాత పద్ధతి ఒకటుండేది. ఆయన దానిని పట్టుదలతో ప్రచారం చేశాడు. 1742లో లండనుకు తరలిపోయి, కిల్పాట్రిక్ అన్న పేరును కిర్క్‌పాట్రిక్‌గా మార్చుకున్నాడు. ఆ విషయంపై 1754లో ఆయన ప్రకటించిన గ్రంథం వైద్యలోకంలో పేరు తెచ్చింది. ఈ వంశంలో సముద్రం దాటినప్పుడు పేరు మారడం ఆయనతోనే ఆరంభమైనది.

రెండవ తరం వాడు ఆ డాక్టరు కుమారుడు కల్నల్ జేమ్స్ కిర్క్‌పాట్రిక్. ఆయన 1729లో జన్మించి, ఈస్టిండియా కంపెనీ కొలువులో మద్రాసు అశ్వికదళంలో పనిచేశాడు. అందగాడైన కల్నల్ అని ఆయనకు వాడుక పేరు. మద్రాసులోని ఒక వైద్యుని కుమార్తె కేథరిన్ మన్రోను వివాహమాడాడు. ఆమె కడుపున జార్జి, జేమ్స్ అఖిలీస్ అనే కుమారులు కలిగారు. అంతకు పూర్వమే మరొక స్త్రీ వలన విలియం అనే కుమారుడున్నాడు. పుట్టుకలో భేదమున్నా ఆ అన్నదమ్ములు ఎంతో ప్రేమతో మెలిగారు.

జేమ్స్ అఖిలీస్ 1764లో మద్రాసు సెంట్ జార్జి కోటలో పుట్టాడు. పసితనంలోనే తల్లి మరణించడంతో చదువు కోసం ఇంగ్లండుకు పంపబడ్డాడు. అతడు పుట్టిన రెండేళ్ళకు, 1766లో, హైదరాబాదు ప్రభువు నిజాం అలీఖాన్ ఉత్తర సర్కారులను సంధి ద్వారా కంపెనీకి వదలుకున్నాడు. మన టెక్కలి, పలాస ప్రాంతాలు అప్పుడు శ్రీకాకుళం సర్కారులో చేరినవే. కుతుబ్‌షాహీల ఫౌజుదారు షేర్ మహమ్మద్ ఖాన్ 1641లో కట్టించిన జామియా మసీదు నేటికీ శ్రీకాకుళంలో నిలిచి, గోల్కొండతో మనకు గల పూర్వ సంబంధానికి సాక్ష్యమిస్తున్నది. కాబట్టి ఈ కథ ఎక్కడో దూరాన జరిగినదని అనుకోవలసిన పని లేదు.

అఖిలీస్ యౌవనంలో తిరిగివచ్చి మద్రాసు సైన్యంలో చేరాడు. అన్న విలియం హైదరాబాదులో కంపెనీ రెసిడెంటుగా ఉండగా అతనికి సహాయకుడయ్యాడు. అన్న అనారోగ్యంతో సెలవు మీద వెళ్ళగా 1797 నుండి రెసిడెంటు బాధ్యతలు తమ్ముని మీద పడ్డాయి. మరుసటి సంవత్సరం సెప్టెంబరు 1వ తేదీన అతడు నిజాంతో సైన్య సహకార సంధిని కుదిర్చాడు. అదే సంవత్సరం అక్టోబరులో, నిజాం కొలువులో ఫ్రెంచి అధికారుల క్రింద ఉన్న సుమారు 14,000 మంది సైనికులను రక్తపాతం లేకుండా నిరాయుధులను చేయించాడు. నిజాం సంతోషించి హష్మత్ జంగ్ అనే బిరుదునిచ్చాడు. పారశీక, హిందుస్తానీ భాషలలో నేర్పు, దర్బారు మర్యాదలలో ప్రావీణ్యం, హైదరాబాదీ దుస్తులపై మక్కువ అతనిని ఆ నగర ప్రముఖులకు ఆప్తుని చేశాయి.

అయితే ఒక సత్యాన్ని మరువరాదు. అతడు కుదిర్చిన సంధులే నిజాం స్వాతంత్ర్యాన్ని హరించాయి. 1800 అక్టోబరు సంధి వలన బళ్ళారి, అనంతపురం, కడప మొదలైన ప్రాంతాలు కంపెనీ పరమయ్యాయి. దత్త మండలాలని పిలువబడి, తరువాత రాయలసీమ అనే పేరు పొందిన నేలలో అధిక భాగం అట్లు చేతులు మారినదే. హైదరాబాదును హృదయపూర్వకంగా ప్రేమించిన మనిషే ఆ రాజ్యపు చేతులు కట్టివేసిన పత్రాలపై సంతకం చేశాడు. చరిత్రలో మంచివారి చేతుల మీదుగా కూడా అన్యాయం జరుగుతుంది.

ఇదే కాలంలో అతని జీవితాన్ని మార్చివేసిన సంఘటన జరిగింది. ఖైరున్నిసా బేగం ఇరాన్ దేశపు షుస్తర్ నగరం నుండి వచ్చిన సయ్యదుల కుటుంబంలోని యువతి. ఆమె తల్లి షరఫున్నిసా. మాతామహుడు బాఖర్ అలీఖాన్, దివాను పదవి నధిష్ఠించిన మీర్ ఆలంకు బంధువు. కిర్క్‌పాట్రిక్ ఆమెను వలచి, ఇస్లాం మతాన్ని స్వీకరించి, షియా సంప్రదాయం ప్రకారం నికాహ్ చేసుకున్నాడు. ఈ వివాహం రెండు వైపులా కలకలం పుట్టించింది. గవర్నర్ జనరల్ వెల్లస్లీ విచారణ జరిపించాడు. ఉద్యోగం పోయే పరిస్థితి ఏర్పడినా కిర్క్‌పాట్రిక్ భార్యను విడువలేదు.

వారికి 1801 మార్చిలో కుమారుడు, 1802 ఏప్రిల్‌లో కుమార్తె కలిగారు. కుమారుని పేరు మీర్ గులాం అలీ, సాహెబ్ ఆలం అని ముద్దుపేరు. కుమార్తె నూరున్నిసా, సాహెబ్ బేగం. మూసీ నది ఉత్తరపు ఒడ్డున కిర్క్‌పాట్రిక్ శామ్యూల్ రసెల్ అనే ఇంజనీరు చేత గొప్ప రెసిడెన్సీ భవనాన్ని కట్టించాడు. స్థలం కోసం అతడు చూపిన పటం మరీ పెద్దదిగా ఉండడంతో నిజాం నిరాకరించాడనీ, అదే పటాన్ని చిన్న కాగితంపై గీసి చూపగా వెంటనే అంగీకరించాడనీ ఒక కథ ప్రచారంలో ఉన్నది. బేగం కోసం రంగమహల్ నిర్మించాడు. పరదాలో ఉన్న ఆమె ప్రధాన భవనాన్ని చుట్టూ తిరిగి చూడలేదు గనుక, దాని చిన్న నమూనాను రంగమహల్ తోటలో కట్టించాడని కూడా చెబుతారు.

ఆ సుఖం ఎంతో కాలం నిలువలేదు. ఆనాటి కంపెనీ అధికారుల ఆచారం ప్రకారం బిడ్డలను చదువు కోసం ఇంగ్లండుకు పంపాలని తండ్రి నిశ్చయించాడు. కొడుకుకు నాలుగేళ్ళు, కూతురికి మూడేళ్ళు. 1805లో మద్రాసులో జార్జి చిన్నరీ అనే చిత్రకారుడు హైదరాబాదీ దుస్తులలో ఉన్న ఆ పిల్లలిద్దరి చిత్రాన్ని వేశాడు. తరువాత వారు ఓడ ఎక్కారు. కిర్క్‌పాట్రిక్ కొత్త గవర్నర్ జనరల్ కార్న్‌వాలిస్‌ను కలుసుకొనడానికి కలకత్తాకు ప్రయాణమయ్యాడు. 1781లో అమెరికాలోని యార్క్‌టౌన్ వద్ద వాషింగ్టన్ సేనలకు లొంగిపోయిన సేనాని ఆ కార్న్‌వాలిసే. అతడు అక్టోబరు 5వ తేదీన గాజీపూరులో కన్నుమూశాడు. పది రోజుల తరువాత, 1805 అక్టోబరు 15వ తేదీన, కిర్క్‌పాట్రిక్ కూడా కలకత్తాలో మరణించాడు. అతని వయస్సు 41 సంవత్సరాలు.

ఖైరున్నిసా మరుసటి సంవత్సరం కలకత్తాకు వెళ్ళింది. తిరిగి హైదరాబాదులో అడుగు పెట్టడానికి అనుమతి లభించక కొంతకాలం మచిలీపట్నంలో గడపవలసి వచ్చింది. చివరకు సొంత నగరం చేరి, 1813 సెప్టెంబరులో ఇంకా ముప్పయి ఏళ్ళు నిండకుండానే మరణించింది. పంపివేసిన బిడ్డలను ఆమె మరల చూడలేదు.

నాలుగవ తరం ఈ బిడ్డలదే. 1806 మార్చిలో లండనులో వారికి క్రైస్తవ నామకరణం జరిగింది. సాహెబ్ ఆలం విలియం జార్జి అయ్యాడు. సాహెబ్ బేగం కేథరిన్ అరోరా అయింది. కిట్టీ అని వాడుక పేరు. అమెరికాలో బాల్యం గడిపిన తాతగారు, అందగాడైన ఆ ముసలి కల్నల్, వారిని పెంచాడు. ఆయన 1818లో పరమపదించాడు. విలియం జార్జి బాల్యంలో మరుగుతున్న నీటి ప్రమాదంలో వికలాంగుడై, 1828లో చిన్న వయస్సులోనే గతించాడు. కిట్టీ గుణవతియైన సౌందర్యవతిగా పేరుపొందింది. ఆమె బంధువుల ఇంట చదువు చెప్పడానికి వచ్చిన థామస్ కార్లైల్ తరువాత గొప్ప రచయిత అయ్యాడు. అతని సార్టర్ రిసార్టస్ గ్రంథంలోని బ్లూమిన్ పాత్రకు ఈ హైదరాబాదు బాలికే మూలమని సాహిత్య చరిత్రకారులలో పలువురి అభిప్రాయం. 1829లో కిట్టీ ఫిలిప్స్ అనే సైన్యాధికారిని వివాహమాడింది.

తండ్రుల పేర్లు మాత్రమే గల వంశవృక్షమైతే ఇక్కడితో ముగిసిపోయేది. ఫిలిప్స్ దొరసానిలో నూరున్నిసాను వెదకేవారెవరు? కాని ఆమె తల్లిని మరువలేదు. రెసిడెన్సీలో తండ్రి క్రింద పనిచేసిన హెన్రీ రసెల్ ఇంగ్లండులోని స్వాలోఫీల్డు గృహంలో చిన్నరీ చిత్రం గోడకు వేలాడుతుండేది. అక్కడికి వెళ్ళిన కిట్టీ హైదరాబాదీ దుస్తులలో ఉన్న తనను తాను చూసి కన్నీరు మున్నీరయిందట. అమ్మమ్మ షరఫున్నిసా ఇంకా హైదరాబాదులో జీవించి ఉన్నదని తెలిసి, 1841లో ఆమెకు ఉత్తరం వ్రాసింది. 36 ఏళ్ళ ఎడబాటు తరువాత అమ్మమ్మ పారశీకంలో సమాధానం పంపింది. మనుమరాలి ఇంగ్లీషును పారశీకంలోకి, అమ్మమ్మ పారశీకాన్ని ఇంగ్లీషులోకి ఇతరులు అనువదించవలసి వచ్చేది. ఒకరి భాష మరొకరికి రాని ఆ ఇద్దరు స్త్రీలు ఆరేళ్ళపాటు ఆ విధంగా మాట్లాడుకున్నారు. 1847లో షరఫున్నిసా మరణించేవరకు ఈ ఉత్తరాలు సాగాయి. వారు ముఖాముఖి కలుసుకొననే లేదు. కిట్టీ 1889లో ఇంగ్లండులో కన్నుమూసింది. అయిదవ తరమైన ఆమె సంతానం ఫిలిప్స్ అనే కొత్త ఇంటిపేరుతో ముందుకు సాగింది.

ప్రియమైన విద్యార్థినీ విద్యార్థులారా! ఈ అయిదు తరాలను తిరిగి చూడండి. ఇంటిపేరు మారింది, మతం మారింది, భాష మారింది, దేశం మారింది. పురుషుల వివరాలు సైన్యపు పట్టీలలోనూ, సంధి పత్రాలలోనూ, గ్రంథాల మీదా మిగిలాయి. తల్లి వైపు బంధాన్ని నిలిపినవి మాత్రం ఒక ముసలి అమ్మమ్మ జ్ఞాపకం, ఒక మనుమరాలి వేదన, కొన్ని ఉత్తరాలు. ఆ ఉత్తరాలే లేకుంటే ఈ కథలో సగం మట్టిలో కలిసిపోయేది. కిర్క్‌పాట్రిక్ కట్టిన కోఠీ భవనంలోకి 1949లో ఉస్మానియా మహిళా కళాశాల వచ్చింది. పరదా చాటున ఒక తల్లి జీవించిన ఆవరణలో ఆనాటి నుండి వేలాది బాలికలు చదువుకొనడం చరిత్ర చేసిన చిన్న న్యాయం.

నేను తరగతిలో అప్పుడప్పుడు విద్యార్థులను అమ్మ పేరు, అమ్మమ్మ పేరు, ఆమె తల్లి పేరు అడుగుతుంటాను. మూడవ పేరు దగ్గర తరగతి నిశ్శబ్దమవుతుంది. మొదటిసారి అడిగిన రోజున నాకూ ఆ పేరు తెలియదు. ఆ సాయంత్రమే మా నానీని అడిగి, మా ఇంటి షజ్రా అంచున ఆ పేరు వ్రాసుకున్నాను. ఈ సెలవులలో మీరు ఇళ్ళకు వెళ్ళినప్పుడు నానీనో, దాదీనో, అమ్మమ్మనో, నాయనమ్మనో కూర్చోబెట్టి అడగండి. ఆమె చెప్పిన పేర్లను ఉర్దూలో గాని, తెలుగులో గాని ఒక కాగితంపై వ్రాసి దాచండి. చెప్పగలవారు ఉన్నప్పుడే అడగాలి.