పియెర్ మెషేన్

పియెర్ ఫ్రాన్స్వా ఆంద్రే మెషేన్ (ఆగష్టు 16, 1744 - సెప్టెంబరు 20, 1804) ఫ్రాన్సు దేశానికి చెందిన ఖగోళ శాస్త్రజ్ఞుడు. భూమిని కొలిచి మీటరు పొడవును నిర్ణయించిన ఇద్దరు శాస్త్రజ్ఞులలో ఈయన ఒకడు. రెండవ వ్యక్తి జాన్ బాప్టిస్ట్ డెలాంబర్. తన కొలతలలో కనిపించిన ఒక చిన్న తేడాను మెషేన్ జీవితాంతం దాచి ఉంచాడు. ఆ తేడా ఆయన మరణానంతరమే బయటపడింది.

బాల్యము, తొలి జీవితము

మెషేన్ ఉత్తర ఫ్రాన్సులోని లాన్ పట్టణంలో జన్మించాడు. పారిస్‌లో ఇంజనీరింగు విద్య ఆరంభించినా ఆర్థిక ఇబ్బందుల వలన పూర్తి చేయలేకపోయాడు. ఖగోళ శాస్త్రజ్ఞుడు జెరోమ్ లలాండ్ ఈయన ప్రతిభను గుర్తించి, నౌకాదళ పటముల కార్యాలయంలో గణకుని ఉద్యోగం ఇప్పించాడు. మెషేన్ అనేక తోకచుక్కలను కనుగొన్నాడు. తరువాతి కాలంలో ఎంకె పేరుతో ప్రసిద్ధి చెందిన తోకచుక్కను 1786లో మొదట చూసినది ఈయనే. చార్లెస్ మెస్సియే జాబితాలోని ఖగోళ వస్తువులలో 20కి పైగా ఈయన కనుగొన్నవే. 1782లో ఫ్రెంచి సైన్సు అకాడమీకి సభ్యునిగా ఎన్నికయ్యాడు.

కొలతల సమస్య

ఆ కాలపు ఫ్రాన్సులో ఒకే పేరు గల కొలత ఊరూరికీ మారుతూ ఉండేది. రెండు పొడవులలో ఏది పెద్దదో చెప్పాలంటే వాటిని ముందుగా ఒకే ప్రమాణంలోకి మార్చవలసి ఉంటుంది. ప్రమాణాలే వేరైనపుడు సంఖ్యలను మాత్రమే పోల్చి ప్రయోజనం లేదు. ఈ ఇబ్బందిని తొలగించడానికి 1791లో అకాడమీ కొత్త ప్రమాణాన్ని ప్రతిపాదించింది. ఉత్తర ధ్రువం నుండి భూమధ్యరేఖ వరకు గల దూరంలో కోటవ వంతు ఒక మీటరు అవుతుంది. ఇందుకు పారిస్ మీదుగా పోయే రేఖాంశంపై డన్‌కర్క్ నుండి బార్సిలోనా వరకు గల దూరాన్ని కొలవాలి. ఉత్తర భాగం డెలాంబర్‌కు, రోదే పట్టణం నుండి బార్సిలోనా వరకు గల దక్షిణ భాగం మెషేన్‌కు అప్పగించబడ్డాయి.

బార్సిలోనాలో

మెషేన్ 1792 జూన్‌లో పారిస్ నుండి బయలుదేరాడు. కొండ శిఖరాలను, గోపురాలను త్రిభుజాలుగా కలుపుతూ వాటి కోణాలను కొలిచాడు. ఆ శీతాకాలంలో బార్సిలోనా సమీపంలోని మోంజుయిక్ కోట నుండి నక్షత్రాలను పరిశీలించి అక్షాంశాన్ని లెక్కించాడు. 1793లో ఒక నీటి యంత్రం వద్ద జరిగిన ప్రమాదంలో తీవ్రంగా గాయపడ్డాడు. అదే సంవత్సరం ఫ్రాన్సు, స్పెయిన్‌ల మధ్య యుద్ధం వచ్చింది. దానితో స్పెయిన్ విడిచి వెళ్ళడానికి గాని, కోటలోకి తిరిగి ప్రవేశించడానికి గాని ఈయనకు అనుమతి లభించలేదు. అందువలన నగరంలోని ఒక సత్రం నుండి మరల నక్షత్రాలను పరిశీలించాడు.

రెండు ఫలితాలను పోల్చగా వాటి మధ్య సుమారు 3 సెకండ్ల కోణం తేడా వచ్చింది. డిగ్రీలో 3600వ వంతు ఒక సెకండు. 3 సెకండ్లంటే నేలపై 90 మీటర్లకు పైగా దూరం. ఏ పరిశీలన తప్పో తెలియక మెషేన్ తీవ్ర మనోవేదనకు గురయ్యాడు. ఈ విషయాన్ని డెలాంబర్‌కు కూడా తెలియజేయలేదు.

మీటరు నిర్ణయము

పాత సర్వే ఆధారంగా 1793లో తాత్కాలిక మీటరును 443.44 లైన్లుగా నిర్ణయించారు. లైను అప్పటి ఫ్రెంచి కొలత. 1799లో తుది మీటరు 443.296 లైన్లుగా స్థిరపడింది. రెండవ సంఖ్యలో అంకెలు ఎక్కువైనా విలువ తక్కువ. మొదటిదాన్ని 443.440గా వ్రాసి, దశాంశ బిందువు తరువాతి మొదటి స్థానాన్ని చూస్తే 4 కంటే 2 చిన్నదని తెలుస్తుంది. తేడా మిల్లీమీటరులో మూడవ వంతుకు కొంచెం తక్కువ. ప్లాటినం మీటరు కడ్డీని 1799 జూన్ 22న ఫ్రాన్సు దస్తావేజుల భండారంలో భద్రపరిచారు. మెషేన్ కృషికి ప్రశంసలు లభించినా ఆయన మనసు కుదుటపడలేదు.

మరణము, తరువాత

కొలతను బలియారిక్ దీవుల వరకు పొడిగిస్తే బార్సిలోనా అక్షాంశంపై ఆధారపడవలసిన అవసరం తప్పుతుంది. ఇందుకై మెషేన్ 1803లో తిరిగి స్పెయిన్ వెళ్ళాడు. అక్కడ జ్వరం సోకి 1804 సెప్టెంబరు 20న కాస్తెయోన్ దె లా ప్లానాలో మరణించాడు. ఆయన కాగితాలను పరిశీలించిన డెలాంబర్‌కు అసలు విషయం తెలిసింది. మిగిలిన కొలతను బియో, అరాగో పూర్తి చేశారు.

1828లో నికోలే ఆ లెక్కలను తిరిగి పరిశీలించాడు. నడినెత్తికి ఉత్తరాన, దక్షిణాన ఉన్న నక్షత్రాల పరిశీలనలను సమతూకంలో తీసుకుంటే తేడా దాదాపు లేకుండా పోతుందని చూపాడు. మెషేన్ పరిశీలనలో అజాగ్రత్త లేదు. ఒకే పరికరంతో ఎన్నిసార్లు కొలిచినా దగ్గరి విలువలే రావడం, ఆ విలువలు సరియైనవి కావడం అనేవి వేరువేరు విషయాలని అప్పటికి స్పష్టంగా గుర్తించబడలేదు. తుది మీటరు ఉద్దేశించిన పొడవు కంటే సుమారు 0.2 మిల్లీమీటర్లు తక్కువ. ఇందుకు ప్రధాన కారణం భూమి ఆకారం అనుకున్నంత క్రమంగా లేకపోవడమే.

1983 నుండి మీటరును కాంతి వేగం ఆధారంగా నిర్వచిస్తున్నారు. భారతదేశం 1956 చట్టం ద్వారా మెట్రిక్ కొలతలను స్వీకరించింది. క్రమంగా గజాలు, వీశెలు, శేర్ల స్థానంలో మీటరు, కిలోగ్రాము వచ్చాయి. నేడు బడి పిల్లలు 1.25 మీటర్లను, 98 సెంటీమీటర్లను పోల్చడానికి మొదటిదాన్ని 125 సెంటీమీటర్లుగా మార్చుకుంటే చాలు.