మన శాఖలో ఒక వేటగాడు - కెన్నెత్ ఆండర్సన్



ఈ ప్రత్యేక సంచికకు మన శాఖతో సంబంధమున్న ప్రముఖుడొకరి జీవితం రాయమని కార్యదర్శిగారు కోరారు. నేను ఏ పాత పోస్ట్‌మాస్టర్ జనరల్ గురించో రాస్తాననుకున్నట్టున్నారు. కెన్నెత్ ఆండర్సన్ అనగానే కళ్లద్దాలు పైకెత్తి చూశారు. పులులవేట పుస్తకాలు రాసిన ఆ దొర పదిహేనేళ్లపాటు తంతి తపాలా శాఖలో ఉద్యోగం చేశారన్నది మనవాళ్లలో చాలామందికి తెలియదు. పైగా ఆయన తిరిగిన అడవుల్లో కొన్ని మనవే.

ఆండర్సన్‌గారు 1910 మార్చి 8న సికిందరాబాదు దగ్గర బొల్లారంలో పుట్టారు. స్కాట్లండు మూలాలున్న కుటుంబం. ఎన్నో తరాలుగా ఈ దేశంలోనే ఉండిపోయారు. తండ్రి సైనిక లెక్కల శాఖలో అధికారి. బెంగుళూరులో బిషప్ కాటన్ స్కూలులోను, సెయింట్ జోసెఫ్ కాలేజీలోను చదివించి, లా చదవమని ఎడింబరో పంపారు. అక్కడ మనసు నిలవలేదు. చదువు మధ్యలో వదిలేసి వచ్చేశారు. తర్వాత మన శాఖలో పదిహేనేళ్లు, ఆ పిమ్మట బెంగుళూరు విమానాల ఫ్యాక్టరీలో మేనేజరు హోదాలో. కన్నడం, తమిళం బాగా మాట్లాడేవారు. జీతం కోసం ఆఫీసు, ప్రాణం కోసం అడవి అన్నట్టు బతికారు. సెలవు మంజూరు కావడానికి మనం పడిన పాట్లు తెలుసు కదా, ఆయన అన్నేసి రోజులు అడవిలో ఎలా గడిపారో అని నాకు ఇప్పటికీ ఆశ్చర్యమే!

1954లో వచ్చిన ఆయన మొదటి పుస్తకం 'నైన్ మాన్ ఈటర్స్ అండ్ వన్ రోగ్'లో చామల లోయ పులి కథ ఉంది. భాకరాపేట, నాగపట్ల, పులిబోను - ఇవన్నీ అందులో వస్తాయి. పులిబోను అన్న పేరు పెట్టినవాళ్లకు అక్కడ ఏముండేదో తెలిసే పెట్టి ఉంటారు. 1957లో వచ్చిన రెండో పుస్తకంలో మామండూరు పులి. రేణిగుంట నుంచి కడప వైపు రైల్లో వెళ్లేవారు కిటికీలోంచి చూసే ఆ చిన్న స్టేషనూ, దాని వెనకాల కొండలూ, ఫారెస్టు బంగళా - ఆ మామండూరే. కల్యాణి డ్యాం ఇంకా కట్టని రోజులవి. శ్రీవారి కొండకు ఆవలి వైపు అడవిలో పులి తిరిగేదంటే ఈ కాలం మనవలు నమ్మరు. నేనైనా పులిని చూడలేదు. మా నాయన తరం వాళ్లు చూశారు.

ఆయన వేటలో నన్ను ఆకట్టుకున్నది పులి కాదు, ఆ తుపాకి. అది ఎందుకో చెప్పాలంటే నా సంగతి ఒకటి చెప్పక తప్పదు.

1966లో నాకు పద్దెనిమిదేళ్లు. మా ఊరు భాకరాపేటకు దిగువన. శనక్కాయల చేలో పందులు పడి ఒక్క రాత్రిలో అర ఎకరా దున్నేసి పోయేవి. మా పెదనాయనకు పంట కాపలా కోసం లైసెన్సున్న పన్నెండు బోరు తుపాకి ఉండేది. మొదటిసారి అది నా చేతికిచ్చినప్పుడు మడమను భుజానికి గట్టిగా ఆనించుకోవాలని నాకు తెలియదు. కాల్చగానే గాడిద తన్నినట్టు తన్నింది. భుజం వారం రోజులు నల్లగా కమిలిపోయింది. ఆ నొప్పి తగ్గిందిగాని భయం మాత్రం పోలేదు. ఆ తర్వాత ఎప్పుడు మీట నొక్కబోయినా, గుండు వెళ్లకముందే కళ్లు మూసుకునేవాణ్ణి. ఒక రాత్రి మంచె మీద నుంచి కాలిస్తే దెబ్బ పంది వెనక కాలికి తగిలింది. అది తప్పించుకుని పోయింది. ఇంట్లో ఈ మాట చెప్పడానికి నామోషీ వేసి ఊరుకున్నాను. రెండోనాడు కట్టెలకు పోయిన మా సేద్యగాడి మీద అది పొదలోంచి దూకింది. నేను మామా అని పిలిచేవాణ్ణి ఆయన్ని. తొడ చీరేసింది. ప్రాణం దక్కిందిగాని చచ్చేదాకా కుంటుతూనే నడిచాడు. ఒక్కనాడూ నన్నేమీ అనలేదు.

ఉద్యోగంలో చేరాక, చాలా ఏళ్లకు, బెంగుళూరు ఫుట్‌పాత్ మీద ఆండర్సన్‌గారి పుస్తకం ఒకటి దొరికింది. ఎక్కువ భాగం మనిషిని తినే పులులు, చిరుతలు అలా మారడానికి కారణం ఏదో ఒక గాయమని ఆయన చెబుతూ వస్తారు. ముళ్లపంది ముల్లు కావచ్చు, ఎవరో కాల్చి వదిలేసిన గుండు కావచ్చు. కాలు విరిగిన పులి జింకను పట్టలేదు, మనిషినైతే పట్టగలదు. అది చదివిన రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

ఇక ఆ తుపాకి. ఆయన కథల్లో మాటిమాటికీ వచ్చేది 405 బోరు వించెస్టర్ రైఫిలు. అమెరికాలో 1895 నమూనాగా వచ్చిన తుపాకి ఇది, రూపకర్త జాన్ బ్రౌనింగ్. ఈ 405 తూటాను మాత్రం 1904లో తెచ్చారు. గుండు బరువు 300 గ్రెయిన్లు, అంటే సుమారు 19 గ్రాములు. సెకనుకు 2,200 అడుగుల వేగంతో బయలుదేరుతుంది. మీట కింద ఉండే లివరును కిందికి పైకి ఆడిస్తే తర్వాతి తూటా ఎక్కుతుంది. అమెరికా మాజీ అధ్యక్షుడు రూజ్‌వెల్ట్ 1909లో ఆఫ్రికా వేటకు వెళ్లినప్పుడు పట్టుకెళ్లిన తుపాకుల్లో ఇదీ ఒకటి.

ఇది గట్టిగా తన్నే తుపాకి అని పేరు. తుపాకి ఎంత తన్నుతుందన్నది గుండు బరువు, దాని వేగం, మందు మోతాదు, తుపాకి సొంత బరువు మీద ఆధారపడుతుంది. అదే తూటాను బరువైన తుపాకిలో పెడితే తక్కువ తన్నుతుంది, తేలిక తుపాకిలో ఎక్కువ. మడమ వెడల్పుగా ఉంటే దెబ్బ భుజమంతా పరుచుకుంటుంది, సన్నగా ఉంటే ఒకేచోట గుచ్చుకుంటుంది. వించెస్టర్ పాత నమూనాల మడమ సన్నగా, వంపుగా ఉండేది. పోల్చి చూడండి. జిమ్ కార్బెట్‌గారికి చంపావత్ పులిని చంపినందుకు 1907లో బహుమతిగా ఇచ్చిన రిగ్బీ రైఫిలు 275 బోరు, గుండు 140 గ్రెయిన్లే. ఆడవాళ్లైనా బెదరకుండా కాల్చవచ్చు. దానితో పోలిస్తే 405 తన్ను రెట్టింపుకు పైనే ఉంటుంది. అయితే కార్బెట్‌గారు పెద్దపులి దగ్గరికి వెళ్లేటప్పుడు చాలాసార్లు 450/400 జోడు గొట్టాల బరువు తుపాకిని పట్టుకెళ్లేవారు. చిన్న బోరు ఎంత సుఖంగా ఉన్నా, ఎదురుగా దూకే పులిని అక్కడికక్కడే ఆపడం వేరు సంగతి.

అన్ని జంతువులకూ ఒకే తుపాకి కావాలని ప్రపంచంలో చాలామంది వెతికారు. 1906 నాటి అమెరికా 30-06ను కొందరు మెచ్చుకున్నారు. 1912లో ఇంగ్లండులో వచ్చిన 375 మాగ్నంను ఆఫ్రికాలో ఏ జంతువుకైనా సరిపోయేదని అన్నారు. మన దేశంలో సైన్యం వాడిన 303 బోరు మామూలు మనుషులకు నిషిద్ధం. అందుకని ప్రభుత్వ ఫ్యాక్టరీ వారి 315 బోరు రైఫిలే లైసెన్సుదార్లకు దొరికేది. ఆండర్సన్‌గారు ఈ వెతుకులాటలో పడినట్టు కనబడదు. అదే 405తో పులిని, చిరుతను, ఎలుగుబంటిని, పానపట్టి రౌడీ ఏనుగును కూడా కొట్టారు. ఏనుగు పుర్రెకు ఆ గుండు చాలదని తెలిసినవాళ్లు అంటారు. నా ఉద్దేశంలో ఆయనకు కలిసివచ్చింది బోరు కాదు. ఆ తుపాకి బరువు, తన్ను, లివరు కదలిక ఆయన ఒంట్లో భాగమైపోయాయి. చీకట్లో, గొట్టానికి బిగించిన టార్చి బొటనవేలితో నొక్కి, ఆ వెలుగులో గురి చూసి కాల్చేవారు. తన్నుతుందేమోనని భయపడే మనిషికి అది సాధ్యం కాదు. తన భుజం ఓర్చుకోగలిగిన దానికన్నా పెద్ద తుపాకి పట్టుకున్నవాడు గురి తప్పుతాడు. ఆ ఫలితం ఇంకొకరు అనుభవిస్తారు. మా మామ కాలు నాకు అది నేర్పింది.

1939 నుంచి 1966 దాకా ఆయన చంపిన మనిషిని తినే జంతువుల లెక్క ప్రభుత్వ రికార్డుల్లో ఏడు పులులు, ఎనిమిది చిరుతలు. నాటు తుపాకితో దొంగవేట చేసే బైరా అనే పూజారి జాతి మనిషి ఆయనకు ఆప్తమిత్రుడయ్యాడు. అడవి గురించి ఆ నిరుపేద నుంచి నేర్చుకున్నానని రాసుకోవడానికి ఆయన సిగ్గుపడలేదు. వయసు పైబడ్డాక తుపాకి తగ్గించి కెమెరా పట్టుకున్నారు. అడవులు తరిగిపోతున్నాయని, జంతువులను కాపాడాలని రాశారు. కన్నడంలో పూర్ణచంద్ర తేజస్విగారు ఈ కథలను తమ భాషలోకి తెచ్చారు. మనకు కూడా అలాంటివారు ఒకరుంటే బాగుండేది.

1970లో పులివేటను నిషేధించారు, 1972లో వన్యప్రాణి చట్టం వచ్చింది. ఆండర్సన్‌గారు 1974 ఆగస్టు 30న కేన్సరుతో బెంగుళూరులో కన్నుమూశారు. ఆయన పనిచేసిన తంతి తపాలా శాఖ 1985లో రెండు ముక్కలైంది, తంతి కూడా 2013 జూలైతో ఆగిపోయింది. మామండూరు చుట్టూ ఉన్న కొండలు 1989 నుంచి శ్రీవేంకటేశ్వర జాతీయ పార్కు కింద ఉన్నాయి.

పెదనాయన పోయాక ఆ పన్నెండు బోరు తుపాకిని పోలీసు స్టేషనులో అప్పగించి లైసెన్సు రద్దు చేయించాం. కాగితాల మీద సంతకం పెట్టేటప్పుడు మామ కూడా నాతోపాటు స్టేషనుకు వచ్చాడు, కర్ర పట్టుకుని. తిరిగి వచ్చేటప్పుడు భాకరాపేట బస్టాండులో ఇద్దరం టీ తాగాం.