సైకిల్ షాపు నుంచి ఆకాశానికి – విల్బర్ రైట్

మైలార్‌దేవ్‌పల్లిలో ఉండే మనకు శంషాబాద్ విమానాలు కొత్త కాదు. ఆ విమానాన్ని ఒరిగించి మలుపు తిప్పే విద్యకు బాట వేసినవారు విల్బర్ రైట్.

ఆయన 1867 ఏప్రిల్ 16న అమెరికాలోని ఇండియానా రాష్ట్రంలో జన్మించారు. హైస్కూలు చదువు పూర్తయినా కుటుంబం ఊరు మారడంతో సర్టిఫికెట్ అందలేదు. 1892లో తమ్ముడు ఆర్విల్‌తో కలిసి డేటన్‌లో సైకిల్ షాపు పెట్టారు.

ఆ రోజుల్లో చాలామంది ఇంజిను బలం గురించే ఆలోచించేవారు. విల్బర్ మాత్రం ముందు అదుపు కావాలనుకున్నారు. 1899లో ఒక ఖాళీ అట్టపెట్టెను చేతుల్లో మెలిపెడుతుంటే, రెక్కల కొసలను కూడా తీగలతో అలాగే మెలితిప్పవచ్చని తోచింది. తర్వాతి గ్లైడర్లలో పైలట్ బోర్లా పడుకొని నడుము జరిపితే తీగలు రెక్కలను తిప్పేవి. 1902లో గ్లైడర్ ఒరిగి నేలకు తగులుతుంటే, తోక చుక్కాని కదిలేలా ఉండాలని ఆర్విల్, దాన్ని రెక్కల తీగలకే కలపాలని విల్బర్ ఆలోచించారు.

1903 డిసెంబర్ 17న ఇంజిను విమానం ఎగిరింది. ఆ రోజు నాలుగోసారి విల్బర్ 59 సెకన్లలో 852 అడుగులు వెళ్లారు. అయినా మలుపుల్లో ఇబ్బంది తీరలేదు. 1905లో తాము కలిపిన ఆ తీగలనే విడదీసి, చుక్కానికి వేరే పిడి పెట్టారు. అక్టోబర్ 5న విల్బర్ 24 మైళ్లకు పైగా ఎగిరారు.

1912 మే 30న టైఫాయిడ్‌తో 45వ ఏట కన్నుమూశారు. నేటికీ సొంతంగా విమానం కట్టుకునేవారు ప్రతి తీగనూ, కీలునూ కదిపి చూశాకే ఎగురుతారు. లోపం కనిపిస్తే విప్పి మళ్లీ బిగించే ఓపికే ఆయన మనకు ఇచ్చిన పాఠం.